వేసవికి వచ్చిన బిడ్డలు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి పంపమని మన సంఘం కార్యదర్శి గారు రెండుసార్లు కబురు చేశారు. బకింగ్‌హాం కాలువ గురించీ, పాత తాలూకా కచేరీల గురించీ లోగడ నేను రాసినవి మిత్రులకు గుర్తుండే ఉంటాయి. ఈసారి కూడా అలాంటిదే ఏదో రాద్దామని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను గాని, మనసు మరో దారి పట్టింది.

పరదేశపు అనాథ బిడ్డను ఒక వేసవి పాటు ఇంట్లో ఉంచుకున్న అనుభవం మా కుటుంబానికి ఉంది. అందులో నా వల్ల జరిగిన పొరపాటు కూడా ఒకటి ఉంది. అది ఎంత పొరపాటో అప్పుడు తెలియలేదు. ఆ తరువాత ఇలాంటి బిడ్డల చరిత్ర వెతికి చదువుతుంటే ఒక్కొక్కటే తెలిసివచ్చింది. కనుక ముందు మా ఇంటి సంగతి కొంత చెప్పి, తరువాత చరిత్రలోకి వెళ్ళి, చివరకు మళ్ళీ మా ఇంటికి వస్తాను. ఎనభై దాటిన వాడి రాత గనుక కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

మా ఇంటికి వచ్చిన పిల్లవాడు

2012 మే నెలలో నేనూ, మా ఆవిడా అమెరికాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్ళాము. వెళ్ళేసరికి ఇంట్లో పెళ్ళివారు దిగబోతున్నంత హడావుడిగా ఉంది. ఉక్రెయిన్ దేశంలోని ఒక అనాథాశ్రమం నుంచి పదేళ్ళ కుర్రవాడు అయిదు వారాలు ఉండటానికి వస్తున్నాడని చెప్పారు. అలా పిల్లలను సెలవులకు పిలిపించి కుటుంబాల మధ్య ఉంచే సంస్థలు అక్కడ ఉన్నాయి. విమానం ఖర్చు పిలిచిన వాళ్ళదే. మా కోడలు ఆరు నెలల ముందు నుంచీ డబ్బు పక్కన పెట్టిందట.

అందుకు జరిగిన విచారణ చూసి మన డిపార్టుమెంటు వాడినైన నేనే ఆశ్చర్యపోయాను. ఒక మనిషి ఇంటికి వచ్చి పిల్లవాడి పడక, మందుల అలమర, వంటగది అన్నీ చూసి వెళ్ళింది. అబ్బాయి, కోడళ్ళ గురించి పోలీసు రికార్డులు తెప్పించుకున్నారు. మేమూ ఆ ఇంట్లోనే ఉంటాము గనుక మా పాస్‌పోర్టు నకళ్ళు కూడా పుచ్చుకున్నారు. ఇన్ని కాగితాలలోనూ ముఖ్యమైన నిబంధన ఒకటుంది. పిల్లవాడి ముందు దత్తత మాట ఎత్తకూడదు, మళ్ళీ పిలిపిస్తామని మాట ఇవ్వకూడదు. మా కోడలు అది నాకు చదివి వినిపించింది. నేను తల ఊపాను.

పిల్లవాడు వచ్చాడు. తల్లి చనిపోయింది, తండ్రి ఎక్కడున్నాడో తెలియదు అన్నారు. సన్నగా ఉన్నాడు, తల నున్నగా కత్తిరించి ఉంది. మొదటి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం నేను వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే, మా మనవరాలూ, మనవడూ "తాతా, తాతా" అని కేకలు వేస్తూ పరుగెత్తుకు వచ్చారు. వెనకాలే వస్తున్న ఆ పిల్లవాడు టక్కున నిలబడిపోయాడు. పిల్లల వంకా, నా వంకా మార్చి మార్చి చూశాడు. తరువాత ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఆదివారాలు దుబాసీగా వచ్చే ఉక్రెయిన్ ఆవిడ ఆ గుట్టు విప్పింది. వాళ్ళ భాషలో తండ్రిని 'తాతో' అంటారట. పిలిచేటప్పుడు 'తాతూ' అంటారట. ఈ ముసలాయన ఈ చిన్న పిల్లలకు తండ్రి ఎలా అయ్యాడా అన్నది వాడి సందేహం. మన భాషలో ఆ మాటకు అర్థం తండ్రికి తండ్రి అని ఆవిడ చెప్పింది. వాడు కాసేపు ఆలోచించి ఆమెతో ఏదో అన్నాడు. "నేను కూడా అలా పిలవవచ్చునా అని అడుగుతున్నాడు" అన్నది ఆవిడ. మా ఆవిడ పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఒకే మాట, మాకొక అర్థం, వాడికొక అర్థం. వాడు ఏ అర్థంలో పిలుస్తున్నాడో ఆ అయిదు వారాలూ నేను అడగలేదు.

మా ఆవిడ గవ్వలు తీసుకువెళ్ళింది. వాడికి అష్టాచెమ్మా నేర్పాను. వారం తిరిగేసరికి "అష్టా", "చెమ్మా" అని మనకంటే గట్టిగా అరిచేవాడు. ముద్దపప్పు, బంగాళాదుంప వేపుడు ఇష్టంగా తినేవాడు. కోడలు కొత్త బూట్లు కొనిపెడితే తొడుక్కోలేదు. డబ్బాలోనే దాచుకున్నాడు. రోజూ రాత్రి తీసి చూసుకుని మళ్ళీ పెట్టేవాడు.

అయిదు వారాలు ఇట్టే గడిచాయి. విమానాశ్రయంలో వాడు నా చొక్కా పట్టుకుని వదలలేదు. అందరూ బతిమాలుతున్నారు. అప్పుడు నేను వాడి తల నిమిరి, "మళ్ళీ వేసవికి వద్దువుగాని" అన్నాను. ఆ రెండు మూడు ఇంగ్లీషు ముక్కలు వాడికి అప్పటికే తెలుసు. వెంటనే చొక్కా వదిలేసి, బూట్ల డబ్బా చంకన పెట్టుకుని వరుసలో నిలబడ్డాడు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో నోటిమాటగా ఎవరికీ హామీ ఇచ్చి ఎరుగని నేను, ఆ రోజు ఇచ్చాను.

మూడు నెలలకని వెళ్ళిన అమ్మాయి

ఇక చరిత్రకు వస్తాను. కష్టకాలంలో ఉన్న దేశం పిల్లలను మరో దేశపు కుటుంబాలు కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకోవడం పెద్ద ఎత్తున జరిగింది మొదటి ప్రపంచ యుద్ధం తరువాత. 1918లో ఓడిపోయిన ఆస్ట్రియా, హంగరీలలో సామ్రాజ్యం ముక్కలైంది. వియన్నా నగరానికి ధాన్యం, పాలు, బొగ్గు వచ్చే ప్రాంతాలు పరాయి దేశాలైపోయాయి. తిండి లేక, చలికి తట్టుకోలేక పిల్లలు క్షయ రోగాల పాలయ్యారు. యుద్ధంలో చేరకుండా ఉన్న స్విట్జర్లాండ్, హాలండ్, డెన్మార్క్, స్వీడన్ దేశాల కుటుంబాలు ఆ పిల్లలను కొద్ది నెలలు తమ ఇళ్ళలో ఉంచుకుని బాగా తిండిపెట్టి పంపుతామన్నాయి. రైళ్ళకు రైళ్ళు పిల్లలతో కదిలాయి. హంగరీ నుంచి కూడా 1920 మొదలుకుని ఏళ్ళ తరబడి అలాంటి రైళ్ళు నడిచాయి.

అలా 1920 డిసెంబరులో వియన్నా నుంచి హాలండ్ వెళ్ళిన పిల్లలలో హెర్మీనె అనే పదకొండేళ్ళ అమ్మాయి ఒకతె. అనాథ కాదు, తల్లిదండ్రులు ఉన్నారు. మెడలో పేరు చీటీ కట్టి రైలెక్కించారు. లైడెన్ పట్టణంలో అప్పటికే నలుగురైదుగురు పిల్లలున్న ఒక కార్మిక కుటుంబం ఆమెను తీసుకుంది. భాష తెలియదు. వాళ్ళు ఆమెకు 'మీప్' అని ముద్దుపేరు పెట్టారు. అనుకున్న గడువు మూడు నెలలు. ఆరోగ్యం కుదుటపడలేదని గడువు పొడిగించారు. మళ్ళీ పొడిగించారు. 1922లో ఆ కుటుంబంతో పాటు ఆమె కూడా ఆమ్‌స్టర్‌డాం చేరింది.

పదహారో ఏట పెంచిన వాళ్ళు ఆమెను వియన్నాకు తీసుకువెళ్ళి కన్నవాళ్ళకు చూపించారు. నన్ను ఇక్కడే ఉండిపొమ్మంటారేమోనని ఆ పిల్ల లోలోపల భయపడిందట. కన్నతల్లి ఆ సంగతి గ్రహించింది. బిడ్డ మనసు ఇప్పుడు హాలండ్‌లో ఉందని తెలుసుకుని, తిరిగి వెళ్ళడానికి ఒప్పుకుంది. ఆ తల్లి స్థానంలో మనముంటే ఏం చేసేవాళ్ళమో ఒక్కసారి ఆలోచించండి.

ఆ మీప్ పెద్దదై, ఓటో ఫ్రాంక్ అనే యూదు వ్యాపారి దగ్గర ఉద్యోగంలో చేరింది. 1942 జూలైలో ఆ కుటుంబం హిట్లరు మనుషులకు దొరక్కుండా కార్యాలయం వెనుక భాగంలో దాక్కుంది. మొత్తం ఎనిమిది మంది. రెండేళ్ళకు పైగా వాళ్ళకు కూరగాయలూ, పుస్తకాలూ, కబుర్లూ మోసిన కొద్దిమందిలో మీప్ ఒకతె. పట్టుబడితే తన ప్రాణం కూడా పోయేదే. 1944 ఆగస్టులో వాళ్ళు పట్టుబడ్డాక, నేల మీద చెల్లాచెదరుగా పడి ఉన్న పదిహేనేళ్ళ ఆన్ ఫ్రాంక్ డైరీ కాగితాలు ఏరి, చదవకుండా సొరుగులో భద్రపరచింది. యుద్ధం ముగిశాక తండ్రి ఒక్కడే ప్రాణాలతో తిరిగి వచ్చాడు. కూతురు ఇక రాదని తెలిశాక ఆ కాగితాలు ఆయన చేతిలో పెట్టింది. 1947లో అచ్చయిన ఆ డైరీని లోకమంతా చదివింది. మీప్ 2010 జనవరిలో నూరేళ్ళు నిండి కన్నుమూసింది.

ఒకప్పుడు ముక్కూముఖం తెలియని ఇంటివాళ్ళు ఆకలితో ఉన్న తనకు చోటిచ్చారు గనుకనే తాను మరొకరికి చోటు చూపగలిగిందని నాకనిపిస్తుంది.

ఒడ్డుకు చేరని తిరుగు ప్రయాణం

అన్ని కథలూ ఇలా ముగియలేదు. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. 1937 ఏప్రిల్ 26న గెర్నికా పట్టణం మీద బాంబులు పడ్డాయి. ఆ మరుసటి నెలలోనే దాదాపు నాలుగు వేలమంది పిల్లలను హబానా అనే ఓడ ఇంగ్లండు చేర్చింది. పిల్లల ఖర్చుకు ప్రభుత్వం పైసా ఇవ్వనంటే మామూలు జనం చందాలు వేసుకుని పోషించారు. అందరూ అనుకున్నది మూడు నెలలు.

అదే వేసవిలో సుమారు 450 మంది స్పానిష్ పిల్లలు సముద్రం దాటి మెక్సికో వెళ్ళారు. ఆ దేశాధ్యక్షుడు లాసరో కార్దెనాస్ వాళ్ళను ఆహ్వానించాడు. మెక్సీక్ అనే ఓడ 1937 జూన్ 7న వెరాక్రూజ్ రేవులో వాళ్ళను దింపింది. రైలు స్టేషన్లలో జనం పూలతో, మిఠాయిలతో విరగబడ్డారు. మొరేలియా అనే పట్టణంలో ప్రభుత్వం వాళ్ళకు బడి, వసతి ఏర్పాటు చేసింది. కొద్ది నెలలే కదా, యుద్ధం అయిపోగానే వచ్చేస్తారు అని చెప్పి తల్లిదండ్రులు ఓడ ఎక్కించారు.

యుద్ధం 1939లో ముగిసింది. పిల్లలను పంపిన పక్షం ఓడిపోయింది. జనరల్ ఫ్రాంకో ప్రభుత్వాన్ని మెక్సికో గుర్తించలేదు. రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు తిరిగి ఏర్పడింది 1977లో. ఓడ ఎక్కినప్పుడు పదేళ్ళున్న పిల్లవాడికి అప్పటికి యాభై ఏళ్ళు. ఆ పిల్లల్లో చాలామంది మెక్సికోలోనే పెరిగి, ఉద్యోగాలు చేసి, అక్కడే ముసలివాళ్ళయ్యారు. వాళ్ళను అక్కడ చివరివరకూ 'మొరేలియా పిల్లలు' అనే పిలిచారు. జుట్టు నెరిసినా ఆ పేరు మారలేదు.

మెక్సికో వారి ఔదార్యంలో లోపమేమీ లేదు. ఎవరి దగ్గరా లేని హామీ ఒకటి ఆ పిల్లల చేతిలో పెట్టి పంపడమే జరిగిన తప్పు. 'కొద్ది నెలలే' అన్న మాటను పెద్దవాళ్ళు ఓదార్పుగా అంటారు. పిల్లలు దాన్ని తేదీగా లెక్కపెట్టుకుంటారు.

బాలాచడి బాపు

మన దేశానికి ఈ చరిత్రలో గొప్ప స్థానం ఉంది. 1994లో ఎల్.టి.సి. మీద ద్వారక, సోమనాథ్ చూడబోయినప్పుడు మేము జామ్‌నగర్‌లో రెండు రోజులు ఆగాము. అక్కడికి దగ్గరలో సముద్రపు ఒడ్డున బాలాచడి అనే ఊరుంది. ఇప్పుడు అక్కడ సైనిక్ స్కూలు ఉన్నది. తిరుగుతుంటే అక్కడి ఉపాధ్యాయుడొకరు, "ఇక్కడ ఒకప్పుడు పోలండు పిల్లలు ఉండేవారు" అని చెప్పారు. పోలండు ఎక్కడ, కాఠియావాడ్ ఎక్కడ అని నేను నవ్వి ఊరుకున్నాను. నా అజ్ఞానానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

1939 సెప్టెంబరులో పోలండును పడమర నుంచి జర్మనీ, తూర్పు నుంచి సోవియట్ యూనియన్ ఆక్రమించాయి. 1940 ఫిబ్రవరి మొదలుకుని తూర్పు పోలండు కుటుంబాలను లక్షల సంఖ్యలో సైబీరియాకూ, కజకిస్తాన్‌కూ తరలించారు. చలికి, ఆకలికి, జ్వరాలకు తల్లిదండ్రులు రాలిపోయారు. 1941లో హిట్లరు సోవియట్ మీద పడటంతో రాజకీయం తిరగబడింది. పోలండు వారిని విడుదల చేయడానికి ఒప్పందం కుదిరింది. అనాథలైన పిల్లలు దక్షిణంగా ప్రయాణం కట్టారు. వాళ్ళను తీసుకునే దేశం కావాలి.

అప్పుడు ముందుకు వచ్చినవాడు నవానగర్ సంస్థానాధీశుడు జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ. క్రికెట్ రంజీ గారి అన్నదమ్ముల బిడ్డ, సంస్థానాధీశుల సభకు చాన్సలర్. 1942లో తన వేసవి విడిదికి దగ్గరలో బాలాచడి దగ్గర శిబిరం కట్టించాడు. అష్గాబాద్ నుంచి ఇరాన్ మీదుగా లారీలలో కొండలూ, ఎడారులూ దాటి పిల్లలు వచ్చారు. మీరిప్పుడు అనాథలు కారు, నవానగర్ బిడ్డలు, నేను మీకు బాపును అని ఆయన వాళ్ళతో చెప్పాడని ఆ పిల్లలు పెద్దయ్యాక తలచుకుని చెప్పారు. గుజరాతీలో బాపు అంటే తండ్రి. మరో సంగతి గమనించండి. పోలండు భాషలో తండ్రిని 'తాతా' అంటారు. మా వాకిట్లో నిలబడిపోయిన పిల్లవాడి మాటకు అది అన్నదమ్ముల మాటే.

వంటవాళ్ళు పెట్టే పాలకూర నచ్చక పిల్లలు తినకుండా సమ్మె చేశారట. సంగతి విన్న జామ్ సాహెబ్ పాలకూర వండటం మానిపించాడట. ఆ ముచ్చట అక్కడ పెరిగిన వాళ్ళందరూ చెప్పేదే. కాని నన్ను ఆకట్టుకున్నది మరొకటి. తండ్రినన్నాడే గాని, ఆ పిల్లలను తనవాళ్ళుగా మార్చుకోవాలని ఆయన చూడలేదు. శిబిరంలో పోలండు ఉపాధ్యాయులు, పోలండు మతగురువు, పోలండు పాఠాలు, పోలండు జెండా ఉండేవి. స్కౌట్ల దళాలు ఉండేవి. పిల్లల పండుగలకూ, నాటకాలకూ ఆయన వచ్చి కూర్చునేవాడు. ఏదో ఒకనాడు వాళ్ళు వెళ్ళవలసిన వాళ్ళని, వెళ్ళేనాటికి వాళ్ళ భాషా, వాళ్ళ పేరూ వాళ్ళ దగ్గర ఉండాలని ఆయనకు తెలుసు.

1946లో శిబిరం మూసివేసి మిగిలిన పిల్లలను కొల్హాపూర్ దగ్గరి వలివడే శిబిరానికి చేర్చారు. అక్కడ సుమారు అయిదు వేలమంది పోలండు వారు ఉండేవారు. చాలామంది పిల్లల సొంత ఊళ్ళు యుద్ధం తరువాత సోవియట్‌లో కలిసిపోయాయి గనుక కొందరు పోలండుకూ, ఎందరో ఇంగ్లండు, అమెరికా మొదలైన దేశాలకూ పోయి స్థిరపడ్డారు. జామ్ సాహెబ్ 1966లో చనిపోయాడు. ఇప్పుడు వార్సా నగరంలో ఒక కూడలికి 'మంచి మహారాజు' పేరు ఉన్నది. ఒక పాఠశాల ఆయన పేరును తలకెత్తుకుంది. 2024 ఆగస్టులో భారత ప్రధాని ఆ నగరంలో ఆయన స్మారకం దగ్గర నివాళులర్పించారు.

చెర్నోబిల్ వేసవులు

ఇక మన కాలానికి వద్దాము. 1986 ఏప్రిల్ 26న ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం పేలింది. గాలివాటున ఆ విషధూళి బెలారస్ పల్లెల మీద ఎక్కువగా పడింది. అక్కడి పాలలో, పుట్టగొడుగులలో, అడవి పళ్ళలో సీజియం చేరింది. నాలుగు వారాలు కలుషితం కాని తిండి తింటే ఒంట్లో పేరుకున్నది కొంత తగ్గుతుందని ఆ పిల్లలను వేసవి సెలవులకు పరదేశాల కుటుంబాలు పిలిపించడం మొదలుపెట్టాయి. ఇటలీ, జర్మనీ, స్పెయిన్, ఇంగ్లండు, అమెరికా అన్నీ పిలిచాయి. ఐర్లండులో 1991 నుంచి ఆడీ రోష్ అనే ఆవిడ పూనికతో వేలమంది పిల్లలు వచ్చి వెళ్ళారు. చిన్న దేశమైన క్యూబా, హవానా దగ్గరి తారారా అనే సముద్రతీరంలో 1990 నుంచి 2011 వరకు ఇరవై వేలకు పైగా పిల్లలకు ఉచితంగా వైద్యం చేసింది. సోవియట్ కూలిపోయి క్యూబా వారికే తిండి కరువైన ఏళ్ళలో కూడా అది ఆపలేదు.

ఈ వేసవులకు వచ్చిన వాళ్ళలో అనాథాశ్రమాల పిల్లలు చాలామంది. ఏటా అదే ఇంటికి వచ్చేవాళ్ళు. అయిదారు వేసవులు గడిచాక పంపడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. 2006 సెప్టెంబరులో ఇటలీలో ఒక దంపతులు, తమ ఇంటికి వచ్చే పదేళ్ళ బెలారస్ అనాథ బాలికను తిరిగి పంపకుండా దాచేశారు. ఆశ్రమంలో పిల్లను హింసిస్తున్నారు, పంపము అన్నారు. పోలీసులు వెతికి పట్టుకుని పిల్లను వెనక్కు పంపారు. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. 2008లో మరో బాలిక అమెరికాలో ఇలాగే వెళ్ళనంది. దాంతో బెలారస్ ప్రభుత్వం, పిల్లలు తిరిగి వస్తారని ఆయా ప్రభుత్వాలే హామీ రాసి ఇవ్వాలని పట్టుబట్టింది. ఆ కాగితాలు తేలేవరకు వేలమంది పిల్లల ప్రయాణాలు సందిగ్ధంలో పడ్డాయి. ఐర్లండు ఆ ఏడాది చివర్లో ఒప్పందం చేసుకుని తమ పిల్లల రాకను నిలుపుకుంది.

ఆ ఇటలీ దంపతులను నేను తప్పు పట్టలేను, ఒప్పు అనలేను. భయంతో ఉన్న బిడ్డను ఎవరు మాత్రం విమానం ఎక్కించగలరు? కాని ఒక బిడ్డను దాచడం వల్ల, ఇంకా రావలసిన బిడ్డలకు తలుపు మూసుకుపోయే పరిస్థితి వచ్చింది. మాట ఇవ్వకండి అన్న ఆ నిబంధన రాతిగుండె వాళ్ళు రాసినది కాదని, ఇలాంటివెన్నో చూసినవాళ్ళు రాసినదని నాకు ఇది చదివాకనే బోధపడింది.

పెండింగ్ ఫైలు

మళ్ళీ మా ఇంటికి వస్తాను.

2013 ఫిబ్రవరిలో మా అబ్బాయి ఉద్యోగం పోయింది. ఇల్లు అమ్ముకుని మరో రాష్ట్రానికి మారారు. అద్దె ఇంట్లో సర్దుకుంటున్న వాళ్ళకు పరదేశపు పిల్లవాడిని పిలిచే స్తోమతు లేదు. అడిగినా సంస్థ ఒప్పుకునేది కాదు. నేను అప్పటికి ఇండియా వచ్చేశాను.

మే నెలలో సంస్థ ద్వారా ఒక ఉత్తరం అబ్బాయికి అందింది, వాడు నాకు పంపాడు. దుబాసీ ఆవిడ అనువాదం జత చేసింది. నాలుగు వాక్యాలే. ఇక్కడ మంచు కరిగింది. బూట్లు ఇరుకయ్యాయి, వచ్చేటప్పుడు తెస్తాను, మార్చుకోవచ్చునా. గవ్వలు లేవు గనుక గుండీలతో ఆడుతున్నాము. ఏ తేదీన రావాలి తాతా.

నేను జవాబు రాయలేదు. ఏమని రాయను? రాలేవు అని రాయడానికి చేయి ఆడలేదు. అబ్బాయికి మరో ఉద్యోగం దొరుకుతుందేమో, చూసి రాద్దాము అనుకున్నాను. జూన్ పోయింది, జూలై పోయింది. మనందరికీ తెలుసు, ఇష్టం లేని ఫైలును అడుగున పెట్టడం ఎలాగో. ఎందరి పింఛను కాగితాలు, ఎందరి బదిలీ అర్జీలు అలా అడుగున పడి ఉంటే నేను కింది వాళ్ళను కేకలు వేశాను! 'తెలియజేయుటకు చింతిస్తున్నాము' అన్న ఒక్క వాక్యం సకాలంలో పంపితే అర్జీదారు మరో దారి చూసుకుంటాడని చెప్పేవాడిని. ఆ వేసవి అంతా ఒక పదకొండేళ్ళ పిల్లవాడు రోజులు లెక్కపెడుతూ ఉండగా, నేను అదే పని చేశాను.

నవంబరులో రాశాను. జరిగింది ఉన్నదున్నట్టు రాసి, క్షమించమని అడిగి, గవ్వలు పొట్లం కట్టి, ఒక సైజు పెద్ద బూట్లకని కొంత డబ్బు అబ్బాయి చేత సంస్థకు పంపించాను. ఆ పిల్లవాడిని వేరే ఆశ్రమానికి మార్చారని, పొట్లం అక్కడికి పంపుతామని జవాబు వచ్చింది. చేరిందో లేదో తెలియదు. 2014లో క్రిమియా పోయింది, తూర్పున యుద్ధం మొదలైంది. ఎన్ని ఉత్తరాలు రాసినా సంస్థ నుంచి ఇక సమాచారం రాలేదు. 2022 ఫిబ్రవరిలో పెద్ద యుద్ధం వచ్చేనాటికి వాడికి ఇరవై ఏళ్ళు. టీవీలో ఆ దేశం కుర్రవాళ్ళు కనిపించినప్పుడల్లా మా ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుని చూసేది. ఆమె పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు నేనొక్కడినే చూస్తున్నాను.

మన సంఘంలో సగం మంది వేసవులకు పిల్లల దగ్గరకు పరదేశం వెళ్ళేవారే. కొందరు ఇక్కడే అనాథాశ్రమాల పిల్లలను పండుగలకు ఇంటికి తెచ్చుకుంటున్నారు. చాలా మంచి పని, మానవద్దు. అయిదు వారాల ముద్దపప్పూ, గవ్వల ఆటా ఆ పిల్లవాడికి వృథా పోయాయని నేను అనుకోను. మూడు నెలల ఆతిథ్యం మీప్‌ను ఎంత మనిషిని చేసిందో చూశాము కదా. చెప్పదలచింది ఒక్కటే. బిడ్డను రమ్మన్ననాడే, పంపేనాడు ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకోండి. చేయగలిగినదే చెప్పండి. చేయలేనిది చేయలేమని వెంటనే చెప్పండి. అది విని బిడ్డ ఒక పూట ఏడుస్తుంది. చెప్పకపోతే వేసవి అంతా ఎదురుచూస్తుంది.

ఆ ఉత్తరం నా సర్వీసు రిజిస్టరు నకలుతో పాటు అదే అట్టలో ఉంది. ఈ సంచిక అందిన వారిలో ఎవరి పిల్లలైనా అలాంటి సంస్థలలో పనిచేస్తూ ఉంటే, అలాంటి కుర్రవాడి ఆచూకీ ఎలా తెలుసుకోవాలో దయచేసి నాకు చెప్పగలరు. ఇప్పుడతనికి ఏ సైజు బూట్లు పడతాయో అడగాలి.